అక్కకు మిగిలిన ఒక్క మాట

పెద్దక్క ముప్పై ఏళ్లకు పైగా బళ్లో ఇంగ్లీషు చెప్పింది. అన్నేళ్లలో ఆమె పిల్లలకు నేర్పిన మాటలు ఎన్ని వేలో గానీ, పిల్లలు ఆమెకు పెట్టిన పేరు మాత్రం ఒక్కటే. అబామినబుల్ మేడం. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు. మెట్ల మలుపు దగ్గర నుంచి అని పారిపోయేవాళ్లు. ఆమెకు వినపడేది. వినపడినా కోపం రాలేదు సరికదా, "స్పెల్లింగ్ రాని వెధవలు కూడా పలకడం మాత్రం శుభ్రంగా పలుకుతున్నారే" అని ఇంటికొచ్చి చెల్లెలికి చెప్పి మురిసిపోయేది.

ఆ చెల్లెలు చిన్నక్క. పెద్దక్క, చిన్నక్క అన్నవి వాళ్ల తమ్ముడి పిలుపులు. వాడి నోటి నుంచి అవి వీధిలోకి పాకి, చివరికి పాలవాడు కూడా అలాగే పిలిచేవాడు. పెద్దక్క పెళ్లి చేసుకోలేదు. చిన్నక్క చేసుకుంది. భర్త పోయాక ఆయన నడిపిన లాండ్రీ ఆమె చేతికొచ్చింది. కింద లాండ్రీ, పైన రెండు గదులూ వంటిల్లూ. కింద ఎప్పుడూ ఆవిరి, సబ్బు, తడి గుడ్డల వాసన. ఊరి జనం చొక్కాల కంపంతా మన ఇంట్లోనే దిగుతుందని పెద్దక్క ముక్కు మూసుకుని మెట్లెక్కేది గానీ, ఆ కంపును అబామినబుల్ అని మాత్రం ఒక్కనాడూ అనలేదు. అలా అనకూడదని ఆమె పాఠం.

ఆ పాఠం చిన్నక్కకు కూడా కంఠతా వచ్చు. సాయంత్రాలు ఇంట్లో ట్యూషన్ చెబుతుంటే వంటింట్లో కూర తరుగుతూ వినేది.

"కుళ్లిన గుడ్డు నోట్లో పడిందనుకోండి. ఉమ్మేస్తారు, పుక్కిలిస్తారు, అయిపోయింది. దానికి డిస్గస్టింగ్ చాలు. ఆ గుడ్డు కుళ్లిందని తెలిసీ పసిబిడ్డకి తినిపించినవాడు ఉన్నాడు చూశారా, వాడు చేసిన పనికి కావాలి అబామినబుల్."

"తెలుగులో ఏమంటారు మేడం?" అని ఎవరో ఒకరు అడిగేవాళ్లు.

"వెగటు కాదు. వెగటు ఎక్కువ తింటే వస్తుంది. రోత కాదు. రోత కంటికీ ముక్కుకీ సంబంధించింది. ఏవగింపు కొంత దగ్గర. దానికి ఇంకో రెండు మెట్లు పైన ఉంటుంది ఇది. పూర్వం లాటిన్ వాళ్లు అపశకునం కనబడితే దూరం దూరం అని మొహం తిప్పుకునేవాళ్లట. ఆ తిప్పుకోవడంలోంచి పుట్టిందీ మాట. శాంతం పాపం అంటాం చూడండి, అలాంటిది."

"మరి ఇంగ్లీషు వాళ్లు వానని కూడా అబామినబుల్ అంటారట కదా మేడం?"

"వాళ్ల వాన, వాళ్ల ఇష్టం. మీరు మాత్రం ఊరికే పారేసుకోకండి. మళ్లీ అవసరమైనప్పుడు పదును ఉండదు."

అంత పొదుపుగా దాచుకున్న మాటను ఆమె ఇంట్లో మనిషి మీద వాడింది ఒకే ఒక్కసారి. తమ్ముడి మీద.

తమ్ముడు సిటీ బస్సు డ్రైవరు. ఆరడుగుల మనిషి, తక్కువ మాట. వాడి ఇంటికి మెట్లు లేవు కాబట్టి పెద్దక్క కుక్కను ముసలితనంలో అక్కడ పెట్టారు. దాని పేరు బొగ్గు. పేరుకు తగ్గట్టు నల్లగా, ఒకప్పుడు నిగనిగలాడేది. బళ్లో పిల్లల తర్వాత పెద్దక్కకు అంత ప్రాణం దాని మీదే. రోజూ బడి నుంచి నేరుగా అక్కడికెళ్లి దాన్ని నాలుగడుగులు నడిపించి గానీ ఇంటికొచ్చేది కాదు.

ఏడెనిమిదేళ్ల కిందట పరీక్ష పేపర్లు దిద్దడానికి ఆమెను వేరే ఊరు పంపారు. దిద్దే చోట ఫోన్లు బయట పెట్టేయాలి. ఆ వారంలోనే బొగ్గు పడిపోయింది. మూత్రపిండాలు పూర్తిగా పాడయ్యాయి, ఇంక బాధ తప్ప ఏం లేదు, ఇంజెక్షన్ ఇచ్చి నిద్రపుచ్చడం మేలు అన్నాడు పశువుల డాక్టరు. తమ్ముడు అక్కకు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. మధ్యాహ్నానికల్లా ఇంజెక్షన్ ఇప్పించేశాడు.

ఆమె వచ్చాక ఇంటికొచ్చి తనే చెప్పాడు.

"సాయంత్రం దాకా ఆగలేకపోయావా?" అంది పెద్దక్క.

"బొగ్గు ఆగలేకపోయింది పెద్దక్కా."

ఆమె వాడి మొహంలోకి చూసింది. "అబామినబుల్" అంది. అరవలేదు. నల్లబల్ల ముందు నిలబడి చెప్పినట్టు ప్రతి అక్షరం విడివిడిగా అంది. అని లోపలికెళ్లి తలుపేసుకుంది.

తమ్ముడు తలుపు వైపు చూసి, చిన్నక్క వైపు చూసి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఆ మాటకు అర్థం వాడికి తెలియదు. ఇంటికెళ్లి చదువుకుంటున్న కూతుర్ని అడిగాడు. ఆ పిల్ల డిక్షనరీ తీసి, "హేయమైన అని ఉంది నాన్నా" అంది. "హేయం అంటే?" అన్నాడు. "అంటే, తలుచుకుంటేనే ఒళ్లు జలదరించేంత చెడ్డ అని. పేపర్లో హంతకుల గురించి రాస్తారు చూడు, అలాంటి వాళ్లకి వాడతారు" అంది.

ఇంక వాడు ఆ గడప తొక్కలేదు. లాండ్రీ ముందు నుంచి వెళ్లే బస్సు రూటు మార్చుకుని ఊరి అవతలి వైపు వేయించుకున్నాడు. ఒక కుక్క కోసం తోబుట్టువులు విడిపోతారా అని వీధిలో వాళ్లు నవ్వుకున్నారు. చిన్నక్క పని మాత్రం అడకత్తెరలో పోకచెక్క అయింది. ఇటు చెబితే, "ఇంట్లో కుక్కకి జబ్బుచేస్తే నాకు చెప్పకుండా చంపేవాడు రేపు నన్నూ అంతే" అనేది పెద్దక్క. అటు చెబితే, "కాలు జారితే తీసుకోవచ్చు చిన్నక్కా, నోరు జారితే తీసుకోలేం" అనేవాడు తమ్ముడు. "పైగా పెద్దక్క నోరు జారే మనిషి కాదు. తూచి అంటుంది. ఆ సంగతి నీకూ తెలుసు." తెలుసు.

పెద్దక్క రిటైరయింది. ఒకరోజు పొద్దున పేపరు చదువుతూ టీ తాగుతోంది. కప్పు పక్కకి ఒరిగింది. టీ బల్ల మీద పరుచుకుని అంచు నుంచి చీర మీదికి కారింది. "అయ్యో, మరక పడుతుందే!" అంటూ చిన్నక్క గుడ్డ తీసుకుని పరుగెత్తింది. అంత టీ మీద పడినా అక్క కదల్లేదు. అప్పుడు చూసింది మొహం. కుడివైపు నోటి మూల కిందికి జారిపోయి ఉంది.

ఆస్పత్రిలో మెదడుకు రక్తం అందక స్ట్రోక్ వచ్చిందన్నారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. తమ్ముడు పరుగున వచ్చి ఐసీయూ బయట బెంచీ మీద రాత్రింబవళ్లు కూర్చున్నాడు. అక్క కళ్లు తెరిచింది, లోపలికి వెళ్లి చూడొచ్చని నర్సు చెప్పగానే లేచి, "బాగుందిగా, చాలు" అని వెళ్లిపోయాడు. చిన్నక్క ఒక్కతే లోపలికెళ్లింది.

"అక్కా, నేనే. ఎలా ఉంది?"

పెద్దక్క పెదాలు కదిలాయి. ఎంతో ప్రయత్నం చేసి, వంకర నోటితో అంది. "అబామినబుల్."

చిన్నక్కకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆస్పత్రిని తిడుతోందనుకుంది. ఈ స్థితిలో కూడా తగ్గలేదు మా అక్క అని బయట నర్సుకు గొప్పగా చెప్పింది. మర్నాడు మంచినీళ్లు ఇస్తే అదే మాట. దుప్పటి కప్పితే అదే మాట. డాక్టరు పేరడిగితే అదే. పెన్ను చూపించి ఇదేమిటన్నా అదే. అది తిట్టు కాదని అప్పుడు గానీ చిన్నక్కకు తెలియలేదు.

మాట్లాడడం మళ్లీ నేర్పే డాక్టరమ్మ ఒకామె ఉంది. చిన్న వయసు, నెమ్మదైన మనిషి. చిన్నక్కను పక్కన కూర్చోబెట్టుకుని విడమర్చి చెప్పింది.

"ఆవిడకి మనం అనేది దాదాపు అంతా అర్థమవుతుందండీ. చెప్పాలనుకున్నదీ లోపల ఉంటుంది. అది మాటగా మారే చోట దెబ్బ తగిలింది. ఏం చెప్పబోయినా అదొక్కటే బయటికొస్తుంది."

"ఇన్ని మాటల్లో అదే ఎందుకు మిగిలిందండీ?"

"అది మాకూ తెలీదు. కొందరికి బూతు మిగులుతుంది. కొందరికి దేవుడి పేరు. నా దగ్గరికొచ్చే ఒకాయనకి 'రేపు' అన్న మాట మిగిలింది. అన్నం పెట్టినా రేపు, నిద్రొచ్చినా రేపు. మాట వినకండి. గొంతు వినండి. ఎలా అంటున్నారు, దేన్ని చూస్తూ అంటున్నారు, అది పట్టుకోండి. తల ఊపడంలో అవునూ కాదూ కలిసిపోతున్నాయి కాబట్టి ఎడమ చెయ్యి పట్టుకుని అడగండి. ఒకసారి నొక్కితే అవును, రెండుసార్లయితే కాదు. ఒక్కసారికి ఒక్క ప్రశ్నే."

వినడానికి బాగానే ఉంది. ఇంటికి తెచ్చాక తెలిసింది చిన్నక్కకు. తెల్లారి మొహం తుడిస్తే అబామినబుల్. జావ పట్టిస్తే అబామినబుల్. పక్కగుడ్డలు మారిస్తే, జుట్టు దువ్వితే, మందు వేస్తే, చివరికి కాళ్లు పడుతుంటే కూడా. మాట వినకండి అంటే చెవులకు తలుపులుంటాయా? పైగా ఆ మాట విలువ ఎంతో, దాన్ని అక్క ఎంత పొదుపుగా వాడేదో ఆమెకు తెలుసు.

కింద ఇస్త్రీ చేసే తాతకు ఏ గొడవా లేదు. ఆయన ఒకరోజు బట్టలివ్వడానికి పైకొచ్చి, పెద్దక్క మాట విని, సాయంత్రం ఒక పొట్లం పట్టుకొచ్చాడు.

"ఏంటి తాతా ఇది?"

"పొద్దున పెద్దమ్మగారు 'అబ్బా, మినుములు' అని రెండుసార్లు అడిగారమ్మా. పాపం ఏం తినాలనిపించిందో ఏమో."

పెద్దక్క ఆ పొట్లాన్ని చూసి నవ్వింది. నోరు ఒక పక్కకే లేచినా అది నవ్వే. జబ్బుపడ్డాక మొదటిది. చిన్నక్క కూడా నవ్వింది గానీ ఆ నవ్వు ఎన్నాళ్లో నిలవలేదు.

ఒక మధ్యాహ్నం కింద ఆవిరి ఇస్త్రీ పెట్టె చెడిపోయింది. పెళ్లివారి బట్టలు అలాగే పడి ఉన్నాయి. తల ప్రాణం తోకకొచ్చి పైకెక్కితే, అక్క పక్క తడిసి ఉంది. గుడ్డలు మార్చింది. ఒళ్లు తుడిచింది. పూర్తయ్యేసరికి అక్క ఆమె మొహంలోకి చూస్తూ అంది. "అబామినబుల్."

చిన్నక్క చేతిలో తడి గుడ్డ నేలకేసి కొట్టింది.

"పొద్దున్నుంచి ఎన్నిసార్లంటావే! నీ నోరు తుడిచేది నేను, నీ గుడ్డలు ఉతికేది నేను. నాకేనా ఆ మాట? నన్ను చూస్తే నీకంత రోతగా ఉందా?"

పెద్దక్క నోరు మూసుకుంది. కళ్ల వెంట నీళ్లు దిగాయి. ఆ పూట మాట్లాడలేదు, మర్నాడూ మాట్లాడలేదు. జావ ఇస్తే తాగింది, మందు వేస్తే మింగింది, చెయ్యి పట్టుకుని అడిగితే నొక్కింది. నోరు మాత్రం విప్పలేదు. ఇంట్లో ఉన్న ఆ ఒక్క మాటా పోయేసరికి చిన్నక్కకు పై గది పాడుబడ్డట్టు అనిపించింది.

డాక్టరమ్మకు చెబితే ఆమె నిజంగానే కోప్పడింది. "పోట్లాడండి, అలగండి, మీరూ మనిషే. కానీ నోరు మాత్రం మూయించకండి. ఆ మాట రావడం ఆగిపోతే రెండో మాట ఎక్కణ్ణుంచి వస్తుంది? ఎలాగైనా మళ్లీ అనిపించండి."

చిన్నక్క అక్కను బతిమాలింది. "అక్కా, బుద్ధి తక్కువై అన్నానే. నీ ఇష్టం వచ్చినన్ని సార్లు అను" అంది. లాభం లేదు. అప్పుడామెకు ఒక ఆలోచన వచ్చింది. ఇంగ్లీషు పేపరు తీసుకుని మంచం పక్కన కుర్చీ వేసుకుని గట్టిగా చదవడం మొదలుపెట్టింది. చదివినంతసేపూ తప్పులే. కొన్ని కావాలని, ఎక్కువ భాగం చదవడం రాక. మొదటి వాక్యానికి పెద్దక్క కళ్లు మూసుకుంది. రెండో దానికి కనుబొమలు ముడిచింది. "నైఫ్" అన్నదాన్ని చిన్నక్క "కినీఫె" అని చదివేసరికి ఇంక తట్టుకోలేకపోయింది.

"అబామినబుల్!" అని మంచం కోళ్లు అదిరేలా అరిచింది.

"అదీ! అలా అను!" అంది చిన్నక్క. పేపరు పక్కన పడేసి అక్కను వాటేసుకుంది.

ఆ రోజు నుంచి ఆమె నిజంగా వినడం నేర్చుకుంది. చివర పైకి లేస్తే ప్రశ్న. మొదట సాగదీస్తే దాహం. గబగబా తోసేస్తే చాలు, ఇంక వద్దని. రెండుసార్లు వెంట వెంటనే అంటే కింద షాపులో ఎవరో పిలుస్తున్నారు, వెళ్లు అని. ఆ రోజు పక్క మార్చాక అన్నది కూడా ఇప్పుడు చెవిలో తిరిగి వినిపించేది. అది మెల్లగా, చివర దిగిపోయి ఉంది. నీకెంత కష్టం వచ్చిందే అన్నట్టు ఉందని ఇప్పుడనిపించింది. అప్పుడు మాట విన్నది గానీ గొంతు వినలేదు.

ఇలా ఉండగా ఒక సంగతి గమనించింది. పెద్దక్కను పగలంతా వీధి వైపు కిటికీ దగ్గర కూర్చోబెట్టేది. సిటీ బస్సు వచ్చి ఎదుటి స్టాపులో ఆగినప్పుడల్లా అక్క ముందుకు వంగి డ్రైవరు సీటు వైపు చూసేది. చూసి, తనలో తను అన్నట్టు ఆ మాట గొణిగేది. మొదట హారను మోతకు విసుగనుకుంది చిన్నక్క. ప్రతి బస్సుకూ అంతే. ఒకరోజు పక్కన కూర్చుని ఎడమ చెయ్యి తీసుకుంది.

"తమ్ముడి కోసం చూస్తున్నావా?"

ఒకసారి నొక్కింది.

"పిలవనా?"

మళ్లీ ఒకసారి. గట్టిగా.

చిన్నక్క ఫోన్ చేసింది. "పెద్దక్క నిన్ను రమ్మంటోందిరా."

"మాటొచ్చిందా?" అన్నాడు తమ్ముడు.

ఆ ఒక్క మాటే వచ్చిందని చెబితే వీడు రాడు. "ఆ, వచ్చీరానట్టు" అని నసిగి పెట్టేసింది.

సెలవు రోజు చూసుకుని వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, చేతిలో యాపిల్ పళ్ల సంచి. తలుపు దగ్గర నిలబడి, చిక్కి సగమైన అక్కను చూశాడు. పెద్దక్క తల తిప్పింది. మొహమంతా ఎర్రబడింది. ఎడమ చేత్తో కుర్చీ పట్టుకుని పైకి లేవబోయింది. లేవలేక, ఉన్న ఊపిరంతా పెట్టి అంది.

"అబామినబుల్!"

తమ్ముడు పళ్ల సంచి గడప పక్కన పెట్టాడు. "మాటొచ్చిందన్నావు. నిజమే చిన్నక్కా, వచ్చింది" అని వెనక్కి తిరిగి మెట్లు దిగడం మొదలుపెట్టాడు.

చిన్నక్క చెప్పులు కూడా లేకుండా వెంటపడింది. "ఆగరా! ఆవిడకి ఉన్నదే ఆ ఒక్క మాట. ఆకలేసినా అదే, నిద్రొచ్చినా అదే."

"ఇన్నేళ్ల తర్వాత పిలిపించి మరీ అనిపించావు. ఇంకా ఏదో కథ చెబుతావా?"

"కథ కాదురా, మన అమ్మానాన్నల మీద ఒట్టు. చెప్తే నువ్వు రావని చెప్పలేదు. అది నా తప్పే."

కింద నుంచి ఇస్త్రీ తాత హ్యాంగర్లకు తగిలించిన చొక్కాలు రెండు చేతులా పట్టుకుని ఎక్కుతున్నాడు. ఇరుకు మెట్ల మీద ముగ్గురికీ దారి చాల్లేదు. తాత తమ్ముణ్ణి ఎగాదిగా చూశాడు.

"ఏం బాబూ, నిన్నూ అన్నారా పెద్దమ్మగారు? దానికే వెళ్లిపోతే ఎలా? నన్ను రోజూ అంటారు. నేను మినుములనుకుని కొనుక్కొచ్చాను కూడా. మొన్న ఇలాంటి చొక్కా ఇస్త్రీ చూసి అదే మాటన్నారు, మెచ్చుకుంటూ."

తమ్ముడు నవ్వు ఆపుకోవాలని చూశాడు గానీ మూతి వణికింది. గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "నిజమా?" అన్నాడు, చిన్నక్కతో కాదు, తాతతో.

"నాకేం పని అబద్ధమాడ్డానికి? జరుగు, మడత నలుగుతుంది."

తమ్ముడు తిరిగి పైకెక్కాడు. గోడ వారగా స్టూలు మీద కూర్చుని చూశాడు. చిన్నక్క జావ కలిపింది. పెద్దక్క చెంచా చూసి ఆ మాట అంది. చిన్నక్క వెంటనే, "వేడిగా ఉందా? ఉండు" అని ఊదింది. కిటికీ వైపు చూసి అంది. చిన్నక్క తెర లాగింది. మళ్లీ తమ్ముడి వైపు చూసి, గడప పక్కన పెట్టిన సంచి వైపు చూసి, చివర పైకి లేపి అంది. "పళ్లు ఎందుకు తెచ్చావు, మేం లేనివాళ్లమా అంటోంది" అంది చిన్నక్క. పెద్దక్క చెల్లెలి వైపు గుర్రుగా చూసింది. "సరే, అలా అనట్లేదు. ఒక పండు కొయ్యమంటోంది."

తమ్ముడు పండు కోశాడు. సన్నటి ముక్కలు చేసి నోటికందించాడు. కొంతసేపయ్యాక స్టూలు దగ్గరికి లాక్కున్నాడు.

"పెద్దక్కా, నేనొకటి అడగాలి. ఆ రోజు నువ్వన్న మాట, ఇప్పుడన్న మాట ఒకటేనా? నేనంటేనే నీకు హేయమా, లేకపోతే..."

చిన్నక్క అడ్డొచ్చింది. "ఒక్కొక్కటి అడగరా. రెండూ కలిపితే ఆవిడ చెప్పలేదు. చెయ్యి పట్టుకో. ఒకసారి నొక్కితే అవును, రెండుసార్లయితే కాదు."

వాడి అరచేతిలో అక్క చెయ్యి చిన్నపిల్ల చెయ్యిలా ఉంది. స్టీరింగు పట్టి పట్టి కాయలు కాసిన చెయ్యి వాడిది.

"ఆ రోజు నువ్వు హేయమన్నది నన్నా?"

పెద్దక్క రెండుసార్లు నొక్కింది. వాడికి తెలియలేదేమోనని మళ్లీ రెండుసార్లు నొక్కింది.

ఇక్కడితో ఆపితే బాగుండునని చిన్నక్క మనసులో అనుకుంది. వాడు ఆపలేదు.

"నేను చేసిన పనినా?"

ఒకసారి నొక్కింది.

"ఇప్పటికీ అదేనా?"

ఒకసారి. తడబాటు లేదు.

చిన్నక్క ఉండబట్టలేకపోయింది. "ఏమే అక్కా! ఊరందరికీ గ్రామరు చెప్పావు. ఆ రోజు విశేషణం ఒక్కటీ వాడి మొహాన పడేసి విశేష్యం చెప్పకుండా తలుపేసుకున్నావా? పని అని ఇంకో మాట కలిపితే నీ సొమ్మేం పోయేది? వీడు ఇన్నేళ్లూ తనని తనే..."

పెద్దక్క చెయ్యి ఇంకా తమ్ముడి చేతిలోనే ఉంది. వదల్లేదు. కళ్లు మాత్రం నేల మీద ఉన్నాయి.

"పోనీలే చిన్నక్కా" అన్నాడు తమ్ముడు. పెద్దక్క వైపు తిరిగాడు. "నీకు తప్పే పెద్దక్కా. నాకు కాదు. నువ్వు దాన్ని చూడలేదు. నేను చూశాను."

అప్పుడు చెప్పాడు. ఆ ఉదయం బొగ్గు గోడకు తల ఆనించి నిలబడిపోయిందనీ, పడుకోబెడితే పడుకోలేక మళ్లీ లేచేదనీ, మూలిగే ఓపిక కూడా లేకపోయిందనీ. తను బండి డ్యూటీకి వెళ్లలేదనీ, ఇంజెక్షన్ ఇస్తున్నంతసేపూ తల తన ఒళ్లోనే ఉందనీ, పెద్దక్క పాత శాలువా ఒకటి ఇంట్లో ఉంటే దాని కింద పరిచాననీ. ఆ రోజు తలుపు మూసుకోకపోతే ఇదంతా అప్పుడే చెప్పేవాణ్ణన్నాడు. చెప్పిందంతా వరసగా, ప్రమాదం జరిగితే డిపోలో చెప్పినట్టు చెప్పాడు. మధ్యలో రెండుసార్లు ఆగి మొహం తుడుచుకున్నాడు.

పెద్దక్క విన్నది. ఎన్నేళ్లకో విన్నది. వాడు ముగించాక చాలా మెల్లగా ఆ మాట అంది.

"ఏమంది?" అన్నాడు తమ్ముడు.

"నాకూ తెలీదురా" అంది చిన్నక్క. నిజంగానే ఆ గొంతు ఆమె అంతకు ముందు వినలేదు.

తర్వాత సంగతులు పెద్దగా చెప్పడానికేం లేవు. తమ్ముడు పాత రూటు మళ్లీ అడిగి వేయించుకున్నాడు. డాక్టరమ్మ దగ్గరికి వెళ్లే రోజుల్లో అక్కలిద్దర్నీ తన బస్సులోనే తీసుకెళ్లేవాడు. తన వెనక సీటు ముందే ఆపి ఉంచేవాడు. నాలుగైదు నెలలకు పెద్దక్క ఊతం పట్టుకుని నాలుగడుగులు వేయడం మొదలుపెట్టింది, రెండో మాటా వచ్చింది. వద్దు. తర్వాత వేడి వచ్చింది, తప్పు వచ్చింది. ఆ మూడింటితో ఇల్లంతా ఏలడం మొదలుపెట్టిందని చిన్నక్క డాక్టరమ్మకు ఫిర్యాదు చేసింది. బొగ్గు విషయంలో అక్కాతమ్ముళ్లు రాజీపడలేదు. ఎప్పుడైనా ఆ ప్రస్తావన వస్తే ఆమె "తప్పు" అనేది, వాడు "కాదు" అనేవాడు. ఇద్దరూ చెరో పక్కకి చూసేవాళ్లు. కాసేపటికి వాడు టీ కలుపుకొచ్చేవాడు.

ఒకరోజు బస్సు కిటకిటలాడుతోంది. నిండు గర్భిణి ఒకామె కడ్డీ పట్టుకుని నిలబడి ఉంది. ఒక సీటు ఖాళీ అయింది. ఆమె అటు కదిలేలోపు ఎవరో నిగనిగలాడే చొక్కా మనిషి ఆమె భుజం తోసి కూర్చున్నాడు. ఆమె తూలి పక్కవాళ్ల మీద పడబోయింది. చుట్టూ జనం చూసీ చూడనట్టు ఊరుకున్నారు. పెద్దక్క తల ఎత్తింది. తప్పు అన్న మాట నోటిదాకా వచ్చింది. దాన్ని మింగేసింది. వేలు చాచి ఆ మనిషిని కాదు, ఆ సీటునూ ఆ తూలిన ఆమెనూ చూపించింది.

"అబామినబుల్" అంది. ఒక్కో అక్షరం విడివిడిగా.

బస్సంతా అటు తిరిగి చూసింది. అర్థం తెలిసినవాళ్లు ఎందరో తెలియదు గానీ ఏం అన్నదో తెలియనివాళ్లు లేరు. ఆ మనిషి నాలుగు దిక్కులూ చూసి, గొణుక్కుంటూ లేచాడు. గర్భిణి కూర్చుంది. తమ్ముడు అద్దంలోంచి ఒకసారి వెనక్కి చూశాడు.

"చిన్నక్కా, ఈసారి ఏమందో నాకు తెలిసింది" అని గేరు మార్చాడు.

ఆస్పత్రి స్టాపులో వాడే దిగొచ్చి పెద్దక్కను చేతుల మీద దింపాడు. వెనక బళ్లు హారన్లు కొడుతున్నా తొందరపడలేదు. "మూడింటికి మళ్లీ ఈ దారినే వస్తా, ఇక్కడే ఉండండి" అన్నాడు. పెద్దక్క "వద్దు" అంది. "ఎందుకొద్దు?" అంటే చెప్పలేకపోయింది. చిన్నక్క చెయ్యి పట్టుకుని అడిగితే, డాక్టరమ్మ దగ్గర ఆలస్యమవుతుందని తేలింది. "అయితే నాలుగింటికి వస్తా" అని వాడు బస్సెక్కాడు. అక్కాచెల్లెళ్లు నెమ్మదిగా, ఒక్కో మెట్టు ఆగి, లోపలికి నడిచారు.